వెన్నను గడ్డకట్టించి నిలువచేయు విధము

కొత్తపట్నము మొదలగు సముద్రతీర గ్రామములలో పాడిగల రైతుల యిండ్ల యందు ఒకనాటి వెన్న నెయ్యి కాచుటకు చాలదు. కావున వారము, పదిదినములు ప్రోగుచేసి ఒక్కసారిగా కాచుట వాడుక. నష్టమంతయు ఈ ప్రోగుచేయుటలోనే కలదు. మొదటినాటి వెన్న చివరినాటికి చెడును. అది కలిసినందున మంచివెన్నకును ఆ వాసన పట్టి, గిన్నెడు నెయ్యియు కమ్మదనమును, దానితోపాటు వెలను కోల్పోవును.

వెన్న చెడుటకు కారణము

వెన్న యంతయు కొవ్వు కాదు. బజారులో అమ్ము టేబుల్ వెన్నకు ప్రభుత్వ నియమములు నూటికి 80 పాళ్లకు తగ్గని పాలకొవ్వును, 16 పాళ్లకు మించని నీటిని నిర్ణయించినవి. సరిగా కడిగి పిసుకని ఇంటివెన్నలో నీరును, మజ్జిగయు ఇంకను హెచ్చుగా నుండును. ఆ మజ్జిగయే సూక్ష్మజీవులకు ఆహారము. అవి వృద్ధిపొంది కొవ్వును విడదీయగా పుట్టు ఆమ్లములే చెడువాసనకు మూలము. గాలి, వెలుతురు, రాగి, ఇనుము ఈ చేటును త్వరపరచును.

పూర్వులు వెన్నను చల్లని నీటిలో నుంచి, ఆ నీటిని మార్చుచు కాపాడుచుండిరి. ఈ పద్ధతి రెండుమూడు దినములకు చాలునుగాని వారమునకు చాలదు. పాలకొవ్వు సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరగును. మన వేసవి యెండ దానిని మించును గదా.

గడ్డకట్టించుటకు ముందు

చలి చేటును ఆపునేగాని చెడినదానిని బాగుచేయదు. గుంటూరు శీతలగిడ్డంగులలో మిరపకాయలు దాచు రైతులకు ఈ సంగతి తెలిసినదే: తాలుకాయను లోపల పెట్టినచో తాలుకాయయే వెలికివచ్చును. వెన్నయు నట్లే. కావున తెల్లవారుజామున చల్లనివేళ చిలికి, వెన్నను కాచి చల్లార్చిన నీటితో, నీరు తేటగా వచ్చువరకు కడుగవలెను. పిమ్మట శుభ్రమైన కొయ్యగరిటెతో నొక్కి నీటిని పిండివేయవలెను. నెయ్యి కాచదలచిన వెన్నకు ఉప్పు కలుపరాదు.

నిలువచేయు విధము

ఏనాటి వెన్న ఆనాడే గడ్డకట్టించవలెను. దానిని కావలసిన పరిమాణముగల ముద్దలుగా చేసి, గాలి చొరకుండ వెన్నకాగితములో చుట్టి, మూత బిగువుగానుండు స్టీలు డబ్బాలో నుంచి, తేదీ వ్రాయవలెను. కళాయిలేని రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. వెన్న ప్రక్కవాసనలను త్వరగా పీల్చుకొనును. కావున తీరగ్రామములలో ముఖ్యముగా ఎండుచేపలను ఆ పెట్టెలో నుంచరాదు.

రిఫ్రిజిరేటరు క్రింది అరలో సుమారు 4 డిగ్రీల చలి యుండును. అచ్చట ఇంటివెన్నను వారమునకు మించి ఉంచకుండుట మంచిది. గడ్డకట్టు అరలో సున్నకు దిగువ 18 డిగ్రీల చలి నిలిచినచో మూడునెలలు నిర్భయముగా నిలువచేయవచ్చును. ఆ చలిలో సూక్ష్మజీవులు పెరుగవు. అయినను గాలి వలన కలుగు చేటు మెల్లగా సాగుచునే యుండును గనుక ముందు పెట్టినది ముందు తీయవలెను.

కాచుటకు తీసిన ముద్దను తిన్నగా మందపాటి గిన్నెలో వేసి సన్నసెగపై కరగనీయవచ్చును. తినుటకైనచో ముందురాత్రి క్రింది అరలోనికి మార్చవలెను. ఒకసారి కరగినదానిని తిరిగి గడ్డకట్టించరాదు.

విద్యుత్తు లేనప్పుడు

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్లకు సమీపమున తీరము దాటినది. ఇట్టి వేళల విద్యుత్తు ఆగుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. నిండుగానున్న డీప్ ఫ్రీజరు తలుపు తెరువకున్న రెండుదినములును, సగము నిండినది ఒకదినమును చలిని నిలుపుకొనును. అంతకు మించి విద్యుత్తు రాదని తోచినచో ఆ వెన్నను వెంటనే కాచివేయుట మేలు. నేతిలో నీరు నూటికి అరపాలునకు మించదు. మజ్జిగ యంతయు గోదారుగా విడిపోవును. కావుననే చలిపెట్టె అక్కరలేకయే నెయ్యి నెలల తరబడి నిలుచును.

రైతు సోదరులారా! కడుగుట, పిండుట, మూయుట, చల్లార్చుట—ఈ నాలుగును క్రమముగా జరిపినచో పదవనాటి వెన్నవలెనే మొదటినాటి వెన్నయు కమ్మని నేయి యిచ్చును. మొదటిది విడిచినచో తక్కిన మూడును వ్యర్థము.