చెరకుతోట – తేనెటీగ

చెరకు తీపిని మనమెరుగుదుము. తేనె తీపిని ఎరుగుదుము. కాని చెరకుతోటకును తేనెటీగకును సంబంధమేమి యని యడిగినచో, ఏమియు లేదని పలువురు చెప్పుదురు. పైకి చూచిన నది నిజమే. రైతు చెరకు గింజలను విత్తడు. కన్నులున్న ముచ్చెలను నాటును. అతనికి కావలసినది గడ గాని గింజ కాదు. కనుక ఆ పొలములో తేనెటీగకు పనిలేదు.

క్రొత్త వంగడము పుట్టుటకు మాత్రము పూవు కావలయును. 1912లో కోయంబత్తూరున నెలకొన్న చెరకు పరిశోధన కేంద్రములో శాస్త్రజ్ఞులు తీపి చెరకును రెల్లుగడ్డితో సంకరపరచిరి. ఒకదాని తీపియు, మరియొకదాని ఓర్పును కలసిన కో 205 అను రకము 1918లో విడుదలయ్యెను. మన రాష్ట్రమున అనకాపల్లి కేంద్రము 1913లో ఏర్పడినది. చెరకు పుప్పొడిని సహజముగా మోయునది గాలియే; పరిశోధన క్షేత్రమున మనుష్యుడు ఆ పనికి పూనుకొనును.

ఇక మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములను చూతము. కె.సి. కాలువ క్రింద వరి, అరటి, చెరకు. నల్లరేగడి మెట్టలలో శనగ, ప్రత్తి, పొద్దుతిరుగుడు. 1906లో వెలసిన నంద్యాల పరిశోధన క్షేత్రము కృషిచేసిన పైరులలో పొద్దుతిరుగుడు ఒకటి. ఈ పూవులో పుప్పొడి ముందు వెలువడును. కీలాగ్రము పిదప విచ్చును. జిగటగానుండు ఆ పుప్పొడిని గాలి మోయజాలదు. తేనెటీగలు రానిచో గింజలు తాలుపోవును. అందుచేతనే అవి తక్కువగా నున్నచోట ఉదయము 9 నుండి 11 గంటలలోపు పలుచని గుడ్డతో పూవులను రుద్దుమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తేనెటీగ ఉచితముగా చేయు పనికి రైతు కూలి చెల్లించవలసి వచ్చుననుట.

ముడి ఇచ్చటనే యున్నది. చెరకుపై చల్లిన మందు గట్టు దగ్గర ఆగదు. మందును తగ్గించు మార్గములు గలవు. ఎండుటాకును సాళ్లలో పరచిన తేమ నిలుచును, పీకపురుగు తగ్గును. ట్రైకోగ్రామా అను సూక్ష్మకీటకము పురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లుంచి వానిని నశింపజేయును. దానిని అట్టముక్కలపై తెచ్చి చెరకు ఆకులకు కట్టుదురు. ఆ కీటకమునకును ఆహారము పూదేనెయే. గట్టున కొన్ని పూలమొక్కలున్నచో దానికిని, తేనెటీగకును మేలు. మందు తప్పనిసరియైనచో తేనెటీగలు గూడు చేరిన సాయంవేళ చల్లవలయును.

ఆళ్లగడ్డకు చేరువనే అహోబిలము, నల్లమల గలవు. అచ్చటి కొండచరియలకు పట్టుపట్టు పెద్ద తేనెటీగలు పెట్టెలలో పెంపకమునకు లొంగవు. వానిని మనము పెంచలేము. చంపకుండుట మాత్రము మన చేతిలోనిది. మన పైరునకు అక్కరలేని ప్రాణి పొరుగువాని పంటకు ఆధారము కావచ్చును. పొలము ఎవరిదైనను, పూవుపై వ్రాలు తేనెటీగ ఊరందరిది.