పరిశోధన సమాచార నిర్వహణ

పరిశోధన సమాచార నిర్వహణ అనగా పీహెచ్.డి. వంటి దీర్ఘకాల పరిశోధనలో సేకరించిన ఆధారాలను నమోదు చేయడం, భద్రపరచడం, ఇతరులు కూడా చదివి సరిచూసుకొనే వీలు కల్పించడం. దస్తావేజుల నకళ్ళు, శాసనపాఠాలు, ముఖాముఖి సంభాషణల ధ్వనిముద్రణలు, ఛాయాచిత్రాలు, కొలతలు, లెక్కల పట్టికలు అన్నీ ఈ సమాచారంలోకి వస్తాయి. మొదటి సంవత్సరం వ్రాసుకొన్న చీటీ ఎక్కడిదో మూడవ సంవత్సరంలో తనకే తెలియకపోవడం పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే అనుభవం.

నడిగూడెం ఉదాహరణ

సూర్యాపేట జిల్లాలోని నడిగూడెం ఒకప్పటి మునగాల జమీందారీకి కేంద్రం. జమీందారు రాజా నాయని వెంకటరంగారావు కోట ఇక్కడే ఉన్నది. ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877-1923) చరిత్ర పరిశోధకుడు, 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపకులలో ముఖ్యుడు. ఆయన సంపాదకత్వం వహించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ఆయన జీవితకాలంలో పూర్తి కాలేదు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని మరల చేపట్టారు. ఒకరు ఆపినచోట మరొకరు అందుకోగలగడం పరిశోధనలో చిన్న విషయం కాదు.

మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత నల్గొండ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11 నుండి సూర్యాపేట జిల్లాలో ఉన్నది. కనుక ఈ ప్రాంతంపై పరిశోధించే విద్యార్థి తన పట్టికలో "జిల్లా" అని ఒకే గడి పెట్టి సూర్యాపేట అని నింపితే, ఆ దస్తావేజు ఏ కార్యాలయపు దఫ్తరంలో దొరికిందో ఆచూకీ పోతుంది. దస్తావేజులో ఉన్న జిల్లా పేరు ఒక గడిలో, నేటి పేరు మరొక గడిలో వ్రాయాలి.

ఫసలీ సంవత్సరాల చిక్కు ఇంతకంటె పెద్దది. మద్రాసు రాష్ట్రంలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది. నిజాం రాజ్యంలో ఆజూర్ మాసంతో, అనగా అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. 1935 ఆగస్టు నాటి కాగితంపై మునగాలలో ఫసలీ 1345 అని ఉంటే, పొరుగున ఉన్న నిజాం గ్రామంలో 1344 అని ఉంటుంది. 1930లలో మునగాల రైతులు జమీందారుపై సాగించిన పోరాటంలో ఏ ఘటన ముందో, ఏది తరువాతో ఈ మూడు నెలల తేడాతో తారుమారు కావచ్చు. అందువలన మూలంలోని తేదీని ఉన్నదున్నట్లు ఉంచి, మార్చిన తేదీని వేరుగా వ్రాసి, మార్చిన సూత్రాన్ని కూడా పేర్కొనాలి. మూలాన్ని చెరిపి దిద్దిన పట్టికను ఎవరూ తిరిగి సరిచూడలేరు, దిద్దినవారితో సహా.

భద్రత

ఫైలు పేరులో తేదీ, స్థలం, వరుస సంఖ్య ఉండటం మేలు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, వాటిలో ఒకటి వేరొక ఊరిలో ఉండాలన్నది అందరూ అంగీకరించిన నియమం. ఒకే సంచిలో లాప్‌టాప్, పెన్‌డ్రైవ్ రెండూ ఉంటే అవి రెండు ప్రతులు కావు!

తెలుగులో మరొక ఇబ్బంది ఉన్నది. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది, వెదకడానికీ లొంగదు. దానిని యూనికోడ్‌లోకి మార్చి, సంయుక్తాక్షరాలను ఒకసారి కంటితో సరిచూడాలి.

వృద్ధుల జ్ఞాపకాలను ముద్రించినప్పుడు ముందుగా అనుమతి తీసుకొని, ఆ అనుమతి పత్రాన్నీ భద్రపరచాలి. భూమి తగాదాల ప్రస్తావన ఉన్నచోట పేర్లకు బదులు సంకేత సంఖ్యలు వాడి, సంఖ్యల జాబితాను వేరేచోట ఉంచడం అవసరం. చెప్పినవారి మనుమలు అదే ఊరిలో ఉంటారని మరువరాదు.

సమర్పణ తరువాత

యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథపు ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలి. అటువంటివి శోధ్‌గంగలో లభిస్తాయి. కాని సిద్ధాంత గ్రంథం వెనుక ఉన్న ధ్వనిముద్రణలు, పట్టికలు చాలావరకు పరిశోధకుల ఇంటనే మిగిలిపోతున్నాయి. పట్టా పుచ్చుకొనే ముందే వాటికి ఒక విషయసూచిక వ్రాసి, అనుమతి ఉన్నవాటి ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించవచ్చు. ఆ సూచికలో ఏ గడికి ఏమి అర్థమో, ఏ సంక్షిప్తాక్షరం దేనికి గుర్తో వ్రాసి ఉంచాలి.