గోడకు నెమ్ము, బిడ్డకు ఆయాసం

అక్టోబరు, నవంబరు నెలల్లో పిల్లల ఓ.పి.లో మేము తరచుగా వినే మాట ఒకటుంది. "సిస్టర్ గారూ, మందు వాడినన్నాళ్లు బాగుంటాడు, ఆపగానే మళ్లీ పిల్లికూతలు." డాక్టరు గారు చూసేలోగా మేము ఆ తల్లిని ఒక ప్రశ్న అడుగుతాము. "బాబు పడుకునే మంచం ఏ గోడకు ఆనించి ఉందమ్మా?" ఇదేం ప్రశ్న అన్నట్టు చూసేవారే ఎక్కువ.

పొన్నూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి మాత్రం కాసేపు ఆలోచించి, "పడమటి గోడకండీ, అటు చల్లగా ఉంటుందని వేశాము" అన్నది. ఇంటికి వెళ్లి మంచం, పక్కనున్న బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి చుక్కలు. అంతకు ముందు ఏడాదే ఖరీదైన రంగులు వేయించారట! మంచం మార్చి, గోడ బాగుచేయించుకున్న తరువాత ఆ బాబుకు ఉబ్బసం పూర్తిగా పోయిందని మేము చెప్పము. ఇన్‌హేలర్ ఇప్పటికీ వాడుతున్నాడు. కాని ఆ చలికాలంలో అర్ధరాత్రి వేళ ఎమర్జెన్సీకి రాలేదు.

మన వాడుకలో గోడకు పట్టిన తడినీ నెమ్ము అంటాము, పిల్లలకు వచ్చే న్యుమోనియానూ నెమ్ము అంటాము. రెండూ ఒకటి కాదు. న్యుమోనియా క్రిముల వలన వస్తుంది. అయితే తడి గోడ మీద బూజు పెరుగుతుంది. బూజు అంటే మూలల్లో వేలాడే సాలెగూళ్లు కాదు, ఊరగాయ మీద పట్టే బూజు వంటిది. అది కంటికి కనిపించని బీజాలను గాలిలోకి వదులుతుంది. వాటిని పీల్చినందువలన కొందరికి తుమ్ములు, ముక్కు కారడం, దగ్గు వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని తేమ, బూజుల గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించింది. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో రెండేళ్ల బిడ్డ చనిపోతే, ఇంట్లోని బూజును చాలాకాలం పీల్చడమే కారణమని 2022లో విచారణ అధికారి తేల్చారు. అద్దె ఇళ్లలో బూజును ఇంటి యాజమాన్యం గడువులోగా బాగుచేయాలని ఆ బిడ్డ పేరుతో చట్టమే వచ్చింది.

2021లో కోవిడ్ తరువాత వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇదేనా అని చాలామంది భయంగా అడుగుతారు. గోడ మీద కనిపించే నల్ల మచ్చలు ఆ జబ్బు కాదు. అది ముఖ్యంగా షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి వచ్చింది. అయినా అలాంటివారు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు బూజు పట్టిన గదిలో పడుకోకపోవడమే మంచిది.

మన నేల సంగతి మీకు తెలిసినదే. కృష్ణా పశ్చిమ డెల్టా, నల్లరేగడి మట్టి. కాలువలకు నీళ్లు వదిలింది మొదలు వరికోతల దాకా ఊరి చుట్టూ నీళ్లే. దానికి తోడు తుఫానులు. మిచాంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో కృష్ణ వరద లంక గ్రామాల ఇళ్లలోకి వచ్చింది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక నేలలోని నీటిని పైకి పీలుస్తుంది. అడుగు నుంచి మూడడుగుల ఎత్తు వరకు గోడ తడుస్తుంది, ఉప్పు తెల్లగా పొంగుతుంది, సున్నం పొట్టు రాలుతుంది. దీన్ని ఆపడానికే పునాది మీద, గోడ మొదలయ్యేచోట డి.పి.సి. వేస్తారు. ఇల్లు కట్టుకునేవారు దాని దగ్గర పొదుపు చేయవద్దు. ఉన్న ఇళ్లకు వచ్చే కష్టం వేరు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే ఇల్లు పల్లమైపోతుంది. మెరక కోసం గోడ పక్కన మట్టి పోస్తే అది డి.పి.సి.ని దాటి పైకి వస్తుంది. ఆ మట్టి తీయించి, వాననీరు గోడకు దూరంగా పోయేటట్టు వాలు పెట్టించండి. పైన టైల్సు అంటించినా, పుట్టీ పెట్టించినా తడి పోదు, ఇంకా పైకి ఎక్కుతుంది.

పైకప్పు దగ్గర మచ్చలుంటే శ్లాబు పగుళ్లు, నీళ్ల ట్యాంకు, పైపులు చూపించుకోవాలి.

మూడవది మనం పుట్టించే తడి. వానాకాలంలో బట్టలు గదిలోనే ఆరవేస్తాము, కిటికీలు మూసి వంట చేస్తాము. దోమలకు కిటికీలు మూయమని చెప్పేది మళ్లీ మేమే! అందుకే కిటికీలకు మెష్ కొట్టించండి. ఎండ వచ్చిన ప్రతిరోజూ రెండు వైపులా తెరచి ఉంచండి. మంచం, బీరువా, బియ్యం బస్తాలు గోడకు జానెడు దూరంలో ఉండాలి.

తడి ఎటునుంచో తెలియకపోతే అడుగు ముక్క పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక చెమ్మ ఉంటే గోడలోనిది, ముందు వైపు ఉంటే గదిలోనిది.

బూజును పొడిగా దులపకండి, బీజాలు ఇల్లంతా లేస్తాయి. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకొని, సబ్బునీళ్లతో తడిపి, రుద్ది తుడిచి, ఆరనివ్వండి. ఉబ్బసం ఉన్నవారు ఆ పని చేయకూడదు, పిల్లలు దగ్గర ఉండకూడదు. బ్లీచింగును బాత్రూము యాసిడ్‌తో ఎప్పుడూ కలపవద్దు. విషవాయువు వస్తుంది. వరదలో నానిన దూది పరుపు రెండు రోజుల్లో ఆరకపోతే దాన్ని వదులుకోవలసిందే. పొన్నూరు ఎండ ఎంత గట్టిదైనా లోపలి దూదిలోని బూజును తీయలేదు.

లేవీయకాండము 14వ అధ్యాయం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. మచ్చలు కనిపించిన ఇంట్లో ముందు సామాను బయట పెట్టాలి, ఏడు రోజులు ఇల్లు మూసి ఉంచి మళ్లీ చూడాలి, పాడైన రాళ్లు తీసి, గోడ గీకి, కొత్తగా పూయాలి. మచ్చ మీద పైపూత వేయమని అందులో ఎక్కడా లేదు. మనమేమో క్రిస్మస్ దగ్గర పడేసరికి తడి గోడ మీదే రంగు వేయించేస్తాము. ముందు ఆరనివ్వండి. పాత పద్ధతిలో సున్నం వేసినా తక్కువేమీ కాదు. సున్నం గోడలోని ఆవిరిని బయటికి పోనిస్తుంది, దాని ఘాటుకు బూజు త్వరగా పట్టదు.

ఇల్లు బాగుచేసుకుంటున్నామని డాక్టరు గారు రాసిన ఇన్‌హేలర్‌ను మీ అంతట మీరు మానవద్దు. ఈసారి పిల్లల ఓ.పి.కి వచ్చే ముందు మంచం జరిపి వెనక గోడ చూసి రండి. మేము అడుగుతాము.