పాస్‌పోర్టు కోసం వస్తే షుగర్ టెస్టు

అమెరికాలోని మెక్సికో కాన్సులేట్లకు జనం దేనికి వస్తారు? పాస్‌పోర్టు రెన్యువల్‌కి, గుర్తింపు కార్డుకి, అక్కడ పుట్టిన పిల్లల పేర్లు నమోదు చేయించడానికి. వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చుని, తమ వంతు కోసం చాలాసేపు ఎదురు చూడాల్సిందే. ఆ ఎదురుచూపునే వాడుకుని ఓ మంచి పని మొదలైంది. హాల్లో ఓ పక్కన చిన్న బల్ల, దాని వెనక స్పానిష్ మాట్లాడే మనిషి. ‘ఎలాగూ ఖాళీగానే ఉన్నారు కదా, బీపీ చూపించుకోండి, షుగర్ ఎంతుందో తెలుసుకోండి’ అని పలకరిస్తారు. డబ్బులు అక్కర్లేదు. వీసా ఉందా, కాగితాలున్నాయా అని అడిగేవాళ్లు లేరు. షుగర్ ఎక్కువుంటే, తక్కువ ఫీజుతో చూసే క్లినిక్ దగ్గర్లో ఎక్కడుందో చెప్పి పంపిస్తారు.

దీని పేరు ‘వెంతానియా దె సలూద్’. ఆరోగ్య కిటికీ అన్నమాట. 2000ల తొలి ఏళ్లలో శాన్ డియాగో, లాస్ ఏంజెలెస్‌లలో మొదలై, అమెరికా అంతటా ఉన్న మెక్సికో కాన్సులేట్లకు విస్తరించింది. ఆస్పత్రి గడప తొక్కడానికి జంకే మనిషి కూడా కాన్సులేట్‌కి మాత్రం రాక తప్పదు. పైగా అక్కడ మాట్లాడేది తన భాష, ఎగిరేది తన జెండా. భయం సగం అక్కడే పోతుంది.

అంత సంపన్న దేశంలో ఆస్పత్రికి జంకడం ఏమిటని మనకు అనిపిస్తుంది. కానీ అక్కడ ఇన్సూరెన్స్ లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే అప్పు నెత్తిన పెట్టుకోవడమే. లాటినోల్లో ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం తెల్లవారితో పోలిస్తే రెట్టింపుకు పైనే. కాగితాలు లేనివాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. ఒబామా తెచ్చిన 2010 చట్టం ప్రకారం ఏర్పాటైన ఇన్సూరెన్స్ మార్కెట్‌లో, సొంత డబ్బు పెట్టి కొనుక్కుంటామన్నా వాళ్లకు వీల్లేదు. వాళ్లకు గ్యారంటీగా ఉన్నది ఒక్కటే, 1986 నాటి చట్టం. ప్రాణం మీదికొచ్చి ఎమర్జెన్సీకి వస్తే, ఎవరైనా సరే చూడకుండా తిప్పి పంపకూడదని అది చెబుతుంది.

ప్రాణం మీదికి వస్తేనే! దాని అర్థం ఏమిటో కిడ్నీలు పోయినవాళ్లను చూస్తే తెలుస్తుంది. మామూలు రోగికి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తారు. కాగితాలు లేని మనిషికి చాలా రాష్ట్రాల్లో ఆ సదుపాయం లేదు. ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక, పొటాషియం ప్రమాదస్థాయికి చేరాక ఎమర్జెన్సీకి వస్తే అప్పుడు డయాలసిస్ చేసి ఇంటికి పంపిస్తారు. మళ్లీ వారానికి అదే కథ. డెన్వర్‌కు చెందిన డాక్టర్ లీలియా సెర్వాంతెస్ బృందం ఇలాంటి రోగుల లెక్కలు తీసి 2018లో ప్రచురించింది. అందరిలాగే క్రమంగా డయాలసిస్ అందినవాళ్లతో పోలిస్తే, ఇలా ఎమర్జెన్సీ మీదే ఆధారపడినవాళ్లకు అయిదేళ్లలో చనిపోయే ముప్పు 14 రెట్లు ఎక్కువని తేలింది. రోగం అదే, మందూ అదే. తేడా అల్లా కాగితం దగ్గరే. పోనీ ప్రభుత్వానికి డబ్బు మిగులుతుందా అంటే అదీ లేదు, ఎమర్జెన్సీ వైద్యానికే ఖర్చెక్కువ. ఆ మరుసటేడు, 2019లో, కొలరాడో రాష్ట్రం దారి మార్చుకుని వీళ్లకూ క్రమం తప్పని డయాలసిస్ ఇవ్వడం మొదలుపెట్టింది.

అసలు కిడ్నీల దాకా రానివ్వకుండా షుగర్‌ని ముందే పట్టుకోలేమా? లాటినోలకు జీవితకాలంలో టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం సగానికి పైనే అంటుంది అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ. దేశం మొత్తం మీద చూస్తే అది 40 శాతం. అయితే ‘లాటినోలు’ అని అందర్నీ ఒకే గాట కట్టేయడం కూడా పొరపాటే. నాలుగు నగరాల్లో 16 వేల మందికి పైగా లాటినోలను పరీక్షించిన ఓ పెద్ద అధ్యయనంలో, మెక్సికో మూలాలున్నవాళ్లలో 18 శాతానికి షుగర్ ఉంటే, దక్షిణ అమెరికా నుంచి వచ్చినవాళ్లలో 10 శాతానికే ఉంది. పంజాబీనీ తెలుగువాడినీ కలిపి ‘ఇండియన్’ అని రాసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇక్కడే ప్రొమొతోరాలు రంగంలోకి దిగుతారు. స్పానిష్‌లో ‘ప్రొమొతోరా దె సలూద్’ అంటే ఆరోగ్యాన్ని ప్రచారం చేసే మహిళ. డాక్టరు కాదు, నర్సు కాదు. అదే పేటలో ఉండే మనిషి, ఎక్కువగా ఆడవాళ్లే. కొన్ని వారాల శిక్షణ తీసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. మన ఆశా వర్కర్లు గుర్తొస్తున్నారు కదూ? మన ఆశా 2005లో మొదలైన ప్రభుత్వ పథకం. ప్రొమొతోరాలది మాత్రం ఎక్కువచోట్ల గ్రాంటు బతుకు. గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది.

ఆమెకు తెలిసినవీ, డాక్టరుకు తెలియనివీ చాలా ఉంటాయి. హఠాత్తుగా కలిగిన భయం వల్లే షుగర్ వచ్చిందని మెక్సికన్లలో చాలామంది నమ్ముతారు. ఆ భయాన్ని ‘సుస్తో’ అంటారు. మన పల్లెల్లో పిల్లాడు దడుచుకుంటే జ్వరమొచ్చిందంటారే, అలాంటిదే. ఇన్సులిన్ వేసుకుంటే కళ్లు పోతాయన్న నమ్మకమూ ఉంది. నిజానికి షుగర్ ముదిరాకే ఇన్సులిన్ మొదలుపెడతారు, అప్పటికే కళ్లు దెబ్బతిని ఉంటాయి. జనం మాత్రం ఇంజక్షన్‌ని తిట్టుకుంటారు. పావుగంట అపాయింట్‌మెంటులో డాక్టరు ఇదంతా వినడు. ‘సైన్సు అలా చెప్పదు’ అని ఊరుకుంటాడు. ప్రొమొతోరా వంటింట్లో కూర్చుని ముందు వింటుంది. నాగజెముడు జాతి మొక్క ఆకుల్ని షుగర్‌కి మంచిదని వండుకుంటారక్కడ, మనం కాకరకాయ తిన్నట్టు. ఆమె వద్దనదు. ‘అదీ తినండి, డాక్టరిచ్చిన మాత్రా వేసుకోండి’ అంటుంది. తోర్తీయాలు మానేయమనకుండా, ఆరు తినేచోట రెండు తినమంటుంది. అన్నం మానేయమంటే మనవాళ్లు మళ్లీ ఆ డాక్టరు మొహం చూస్తారా!

ఫలితం ఉందా అంటే, ఉంది. టెక్సాస్‌లో సరిహద్దు నదిని ఆనుకుని స్టార్ కౌంటీ ఉంది. జనమంతా దాదాపు మెక్సికన్ మూలాలవాళ్లే. అక్కడ షుగర్ ఉన్న 256 మందితో చేసిన ప్రయోగం 2002లో అచ్చయింది. స్పానిష్ వచ్చిన నర్సులు, పోషకాహార నిపుణులు, స్థానిక కార్యకర్తలు కలిసి ఏడాదిలో 52 గంటలపాటు తరగతులు, చర్చలు నడిపారు. కుటుంబసభ్యుల్నీ వెంట రమ్మన్నారు. ఆరు నెలలకు, ఈ తరగతులకు వచ్చినవాళ్ల హెచ్‌బీఏ1సీ రానివాళ్లకంటే 1.4 పాయింట్లు తక్కువగా ఉంది. అలాగని సంబరపడిపోనక్కర్లేదు, వచ్చినవాళ్ల సగటు కూడా అప్పటికి 10 పైనే. మాటలతో కొంత తగ్గుతుంది. మిగతాదానికి మందులు కావాలి, మందులకు డబ్బు కావాలి.

భాష సంగతి వేరే చెప్పాలి. 1980లో ఫ్లోరిడాలో ఓ 18 ఏళ్ల కుర్రాణ్ణి స్పృహలేని స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు. కుటుంబసభ్యులు ‘ఇంతొక్సికాదో’ అన్నారు. క్యూబా స్పానిష్‌లో, తిన్నదో తాగినదో పడక జబ్బు చేసిందని దానర్థం. ఇంగ్లిష్ చెవికి అది మత్తుమందు తీసుకున్నాడన్నట్టు వినిపించింది. దానికే వైద్యం చేశారు. నిజానికి అతనికి మెదడులో రక్తస్రావం అవుతోంది. కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. కోర్టు కేసు రాజీలో పరిహారం దాదాపు 7 కోట్ల డాలర్లు. మన ‘మందు’ అన్న మాటనే చూడండి, పరాయివాడికి దానితో ఎన్ని తిప్పలో!

స్పానిష్ వస్తే చాలనుకోవడానికీ లేదు. కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్ స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేసే కూలీల్లో వేలమంది దక్షిణ మెక్సికో ఆదివాసులు. వాళ్ల మాతృభాష మిస్తెకో. స్వరం ఎత్తీ దించీ పలికితే అర్థమే మారిపోయే భాష అది. ఆస్పత్రిలో స్పానిష్ దుబాసీని పెట్టి ‘ఏర్పాటు చేశాం’ అనుకుంటే, రోగి మర్యాదకు తల ఊపి వెళ్లిపోతాడు. అక్కడ 2001లో పుట్టిన మికోప్ అనే సంస్థ మిస్తెకో మాట్లాడేవాళ్లనే ప్రొమొతోరాలుగా, దుబాసీలుగా తయారుచేసింది, సొంత రేడియో కూడా నడుపుతోంది.

కోవిడ్ వచ్చినప్పుడు ఈ పరిచయాలే అక్కరకొచ్చాయి. 2020 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మిషన్ పేటలో స్థానిక లాటినో సంఘాలు, అక్కడి వైద్య విశ్వవిద్యాలయం కలిసి నాలుగు రోజుల్లో నాలుగు వేలమందికి పైగా పరీక్షలు చేశాయి. టెస్టు చేయించుకున్నవాళ్లలో లాటినోలు 44 శాతం, పాజిటివ్ వచ్చినవాళ్లలో 95 శాతం! పాజిటివ్ వచ్చినవాళ్లలో పదికి తొమ్మిదిమంది ఇంటి నుంచి పనిచేసే వీలు లేనివాళ్లు. ‘ఇంట్లోనే ఉండండి’ అని చెప్పడం సులువే, కూలి పోతే తిండి ఎవరు పెడతారు? అందుకే ఆ సంఘాలు రిపోర్టుతోపాటు సరుకుల సంచీలు కూడా ఇళ్లకు చేర్చాయి.

కాలిఫోర్నియా 2022 జులై నుంచి ప్రొమొతోరాల సేవలకు మెడి-కాల్ నిధుల్లోంచి డబ్బు చెల్లిస్తోంది. 2024 జనవరికల్లా, కాగితాలున్నా లేకపోయినా అన్ని వయసుల పేదలకూ మెడి-కాల్ తలుపు తెరిచింది. రెండేళ్లు తిరిగేసరికి, 2026 జనవరి నుంచి, కాగితాలు లేని పెద్దవాళ్ల కొత్త దరఖాస్తులు ఆపేసింది. ఈలోగా 2025 జనవరిలో, ఆస్పత్రుల జోలికి ఇమిగ్రేషన్ అధికారులు వెళ్లకూడదన్న పాత నిబంధన పోయింది. అదే ఏడాది మెడికెయిడ్ రోగుల వివరాలు ఇమిగ్రేషన్ శాఖ చేతికి వెళ్లాయన్న వార్తలొచ్చాయి. ‘పేరు రాయించుకోండి, ఏం కాదు’ అని ఇల్లిల్లూ తిరిగి నమ్మబలికింది ప్రొమొతోరాలే. ఇప్పుడు అదే గుమ్మంలో నిలబడి ‘నిజంగా ఏం కాదా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందీ వాళ్లే. అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టేవాళ్లు పెరగడంతో లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్లనే రోగుల ఇళ్లకు పంపడం మొదలైంది. అక్కడా తలుపు తెరుచుకోవాలంటే, ముందు తెలిసిన గొంతు వినబడాలి.