ఓడలో మేలైన గది: అదనపు ధరకు తగిన విలువ ఉందా?

గత పాఠంలో క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని, వినియోగదారుని మిగులును చదువుకున్నారు. మామిడిపండ్లు, టీ కప్పుల ఉదాహరణలతో ఆ సూత్రాలు అర్థమవుతాయి గాని, నాలుగో టీ తాగాలా వద్దా అని ప్రయోజనం లెక్క వేసుకునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అందువల్ల ఈ పాఠంలో నిజంగా వేల రూపాయలు చేతులు మారే ఒక సందర్భాన్ని తీసుకుందాం. విహార నౌకలో టిక్కెట్టు కొన్న తరువాత, "ఇంకొంత చెల్లిస్తే ఇంతకంటే మంచి గది ఇస్తాం" అని సంస్థ అంటుంది. తీసుకోవాలా, వద్దా?

ఈ ప్రశ్న మనకు దూరమైనదేమీ కాదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన 'ఎంప్రెస్' అనే విహార నౌక విశాఖ రేవుకు వచ్చింది, ఇక్కడి ప్రయాణికులను ఎక్కించుకుని వెళ్లింది. ఆ తరువాత రేవులో విహార నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా కట్టారు. పెందుర్తిలో బస్సెక్కితే గంట, గంటన్నరలో రేవు చేరుకోవచ్చు. అంతకుముందు ఓడ ప్రయాణం అంటే అండమాన్‌కు వెళ్లేవారి మాటే. ఇప్పుడు ఉక్కు కర్మాగారంలో రిటైరైన దంపతులు కూడా షష్టిపూర్తికి ఓడలో వెళదామా అని అనుకుంటున్నారు.

గదుల మెట్లు

విహార నౌకలో గదులు సాధారణంగా నాలుగు రకాలు. ఓడ లోపలి భాగంలో, కిటికీ లేని గది ఇంటీరియర్. పక్క గోడకు మూసి ఉండే అద్దపు కిటికీ ఉంటే ఓషన్ వ్యూ. తలుపు తీసుకుని బయట కూర్చునే వీలుంటే బాల్కనీ. విశాలమైన గది, కూర్చునే చోటు విడిగా ఉంటే సూట్. చాలా నౌకల్లో భోజనం, ఈతకొలను, ప్రదర్శనలు, పై డెక్ మీద నడక అందరికీ ఒకటే. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

'ఎంప్రెస్' 1990లో ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్ ఓడల కర్మాగారంలో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో తయారైంది. ఆ కాలపు నౌకల్లో బాల్కనీ గదులు తక్కువ. ఆ తరువాత కట్టిన పెద్ద నౌకల్లో సగానికి పైగా గదులకు బాల్కనీలు ఉండటం మామూలైంది. కాబట్టి ఒకే పేరున్న గదికి ఒక నౌకలో ఒక ధర, మరో నౌకలో మరో ధర ఉండటానికి హంగులొక్కటే కారణం కాదు, కొరత కూడా కారణం.

ఒక లెక్క

పెందుర్తిలోని ఒక దంపతులు రెండు రాత్రుల ప్రయాణం అనుకుంటున్నారు. ఇంటీరియర్ మనిషికి 24,000, ఓషన్ వ్యూ 28,000, బాల్కనీ 45,000 రూపాయలు అనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. అసలు ధరలు సీజన్‌ను బట్టి, బుక్ చేసిన రోజును బట్టి మారుతూ ఉంటాయి. మొదట చూడవలసింది, ధర మనిషికి చెబుతారు గాని గదికి చెప్పరు. "నాలుగు వేలే తేడా" అన్నప్పుడు ఆ ఇంటి మీద పడేది ఎనిమిది వేలు. పన్ను, రేవు రుసుము, సర్వీసు రుసుము ఏ గదికి ఎంతో కూడా విడిగా అడగాలి.

ఇంటీరియర్ నుంచి ఓషన్ వ్యూకు మారితే ఇద్దరికీ అదనం 8,000. అక్కడి నుంచి బాల్కనీకి మారితే మరో 34,000. చాలామంది ఇంటీరియర్‌ను, బాల్కనీని పక్కపక్కన పెట్టి, "42,000 ఎక్కువైనా బాల్కనీ వస్తోంది కదా" అనుకుంటారు. ఉపాంత విశ్లేషణలో అలా చూడకూడదు. ప్రతి మెట్టునూ దాని ముందున్న మెట్టుతో పోల్చాలి.

ఇప్పుడు గంటలు లెక్కిద్దాం. మొదటి రోజు రాత్రి 8 గంటలకు ఓడ బయలుదేరి, మూడో రోజు ఉదయం 8 గంటలకు చేరుతుందనుకుంటే ప్రయాణం 36 గంటలు. రెండు రాత్రుల నిద్ర 16, భోజనాలకు 6, డెక్ మీద, ప్రదర్శనల్లో 8, స్నానపానాలకు 2 పోగా, మెలకువగా గదిలో ఉండేది 4 గంటలు. కిటికీ పనికివచ్చేది ఆ నాలుగు గంటలే, అవి కూడా పగటిపూట అయితేనే. రాత్రి సముద్రం నల్లగా ఉంటుంది, అద్దంలో మన మొహమే కనిపిస్తుంది. అంటే కిటికీకి ఇద్దరూ కలిసి గంటకు 2,000 చెల్లిస్తున్నారు.

బాల్కనీ ఉంటే గదిలో ఎక్కువసేపు గడుపుతారు. నాలుగు గంటలు ఏడయ్యాయనుకోండి. అదనపు మూడు గంటలకు 34,000, అంటే గంటకు 11,000 దాటింది. ఆ మూడు గంటలూ ఆకాశం నుంచి ఊడిపడినవి కావన్నది ఇంకా ముఖ్యం. అవి డెక్ మీద గడపవలసిన గంటల్లోంచి తీసినవి. డెక్ మీద కూడా అదే గాలి, అదే సముద్రం, ధర లేకుండా దొరుకుతున్నాయి. కాబట్టి బాల్కనీకి చెల్లించే 34,000లో సముద్రపు వాటా చాలా తక్కువ. చాలా భాగం ఏకాంతానికి, కుర్చీ వెతుక్కోనక్కరలేని సుఖానికి.

ఈ తేడాను మన రైలుతోనే పోల్చి చూడవచ్చు. 2017 ఏప్రిల్‌లో విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా అరకు వెళ్లే రైలుకు అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించారు. అక్కడ కిటికీయే ప్రయాణం. లోయను చూడటానికి పెట్టె దిగి వేరే చోటికి వెళ్లే వీలు లేదు. అందుకే అద్దాల పెట్టెకు అదనంగా ఇవ్వడంలో అర్థం ఉంది. ఓడలో దృశ్యం పై డెక్‌లో అందరిదీ. ఒకే 'కిటికీ'కి రెండు చోట్ల రెండు విలువలు ఉండటానికి కారణం ప్రత్యామ్నాయం ఉందా లేదా అన్నదే.

అవకాశ వ్యయం కూడా చూద్దాం. ఈ దంపతులు బాల్కనీలో ఒకసారి వెళితే 90,000. ఇంటీరియర్‌లో రెండుసార్లు వెళితే 96,000. ప్రశ్నను "మంచి గదా, మామూలు గదా" అని కాక "ఒక ప్రయాణమా, రెండా" అని అడిగితే చాలామంది జవాబు మారిపోతుంది. మారకపోతే అది కూడా సరైన నిర్ణయమే. వాళ్లకు రెండోసారి వెళ్లాలని లేదన్నమాట.

కింది తరగతిని ఎవరు చెడగొట్టారు?

ఈ అంశంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన జ్యూల్ ద్యుపుయి అనే ఫ్రెంచి ఇంజనీరుది. వినియోగదారుని మిగులు అన్న భావన మార్షల్ పేరుతో ప్రసిద్ధమైనా, దాని పునాది వంతెనల సుంకాల గురించి ద్యుపుయి రాసిన వ్యాసాల్లో ఉంది. 1849లో ఆయన రైళ్ల మూడో తరగతిని గురించి ఒక ప్రశ్న వేశాడు. పైకప్పు వేయడానికి, బల్లల మీద మెత్త పరచడానికి పెద్ద ఖర్చేమీ కాదు, మరి కంపెనీలు ఆ పెట్టెలను ఎందుకలా వదిలేస్తున్నాయి? పేదవాణ్ణి బాధించాలని కాదు, రెండో తరగతికి డబ్బివ్వగలిగినవాడు మూడో తరగతిలోకి దిగకుండా చేయడానికి అన్నది ఆయన జవాబు. విచక్షణాత్మక ఏకస్వామ్యాన్ని ఇంత సూటిగా చెప్పిన మాట మీకు మరోచోట కనిపించడం అరుదు.

కాబట్టి పై తరగతిలో ఏముందో చూసే ముందు, కింది తరగతిలో ఏమి లేకుండా చేశారో చూడండి. కింది తరగతి మామూలుగా బాగుంటే పై తరగతి విలాసం. కింది తరగతి భరించలేనిదైతే పై తరగతి అవసరం. వర్గం పేరు చూసి ఈ తేడా తెలియదు.

విశాఖ రేవు చరిత్రలోనే దీనికి ఉదాహరణలు దొరుకుతాయి. బ్రిటిష్ కాలంలో విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి వేలమంది తెలుగు కూలీలు స్టీమర్లలో రంగూన్ వెళ్లేవారు. బర్మాలో వాళ్లకు కోరంగి రేవు పేరు మీద 'కోరంగీలు' అన్న పేరు పడింది. వాళ్లది డెక్ టిక్కెట్టు. పడక లేదు, గది లేదు. చాప పరుచుకున్న చోటే ఇల్లు. వాన కురిసినా, అల లేచినా అక్కడే. వాళ్లకు కేబిన్ అంటే సుఖం కాదు, ఆరోగ్యం. అయితే ఆ ఎంపిక వాళ్ల ముందు ఎప్పుడూ లేదు.

విశాఖ నుంచి అండమాన్ వెళ్లే ప్రభుత్వ ప్రయాణికుల ఓడ మనకు మరింత దగ్గర ఉదాహరణ. చాలా ఏళ్లు ఈ మార్గంలో తిరిగిన 'హర్షవర్ధన' పేరు విశాఖలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పోర్ట్‌బ్లెయిర్‌కు, అంటే 2024 నుంచి శ్రీ విజయపురానికి, సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజుల ప్రయాణం. బంక్ తరగతిలో ఒకే హాలులో వరుసగా అరల్లాంటి పడకలు, అందరికీ కలిపి మరుగుదొడ్లు. డబ్బున్నకొద్దీ రెండో తరగతి, మొదటి తరగతి, డీలక్స్ కేబిన్లు. ఈ ఓడలో కాలక్షేపానికి ప్రదర్శనలు లేవు, ఈతకొలను లేదు. పడుకున్న చోటే రెండున్నర రోజుల జీవితం.

ఇందాకటి దంపతుల ఇంట్లోనే డెబ్బై అయిదేళ్ల తల్లి ఉందనుకోండి, మోకాళ్ల నొప్పులు. ఆమెను బంక్ తరగతిలో తీసుకువెళ్లడం, కేబిన్‌లో తీసుకువెళ్లడం ఒకటి కావు. ఇక్కడ గంటల లెక్క వేస్తే నిద్రపోయే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి, రాత్రి రెండుసార్లు లేచి మరుగుదొడ్డికి వెళ్లడం కూడా వస్తుంది. విహార నౌకలో బాల్కనీ వద్దన్న మనిషి ఈ ఓడలో కేబిన్ కావాలనడంలో వైరుధ్యం లేదు. కింది మెట్టు ఎక్కడుందో చూసి ఇచ్చిన జవాబులవి.

కొన్ని పెద్ద నౌకలు ఇప్పుడు ద్యుపుయి చెప్పిన దారినే తెలివిగా నడుస్తున్నాయి. ఎం.ఎస్.సి. నౌకల్లో 'యాట్ క్లబ్', నార్వీజియన్ సంస్థ నౌకల్లో 'హేవెన్' అనే విభాగాలున్నాయి. అక్కడి వాళ్లకు విడిగా కొలను, విడిగా భోజనశాల. అలాంటి చోట అదనపు ధర గదికి కాదు, రద్దీ నుంచి తప్పించుకోవడానికి. ఓడ ఎంత కిక్కిరిసి ఉంటే ఆ విభాగానికి అంత గిరాకీ. ఆ రద్దీని తగ్గించాలన్న తొందర సంస్థకు ఎందుకుంటుందో మీరే ఆలోచించండి.

ధర కొలవని సంగతులు

ఖరీదైన గది అన్ని విధాలా మెరుగైనదని అనుకోకండి. ఓడ అలలకు ఊగేటప్పుడు కదలిక మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తక్కువ. ముందు కొసలోను, వెనుక కొసలోను, పై అంతస్తుల్లోను ఎక్కువ. సూట్లు తరచు పై అంతస్తుల్లోనే ఉంటాయి. నైరుతి రుతుపవనాల రోజుల్లో బంగాళాఖాతం నిలకడగా ఉండదు. అరకు ఘాట్ రోడ్డులో బస్సెక్కితే వాంతి అయ్యే మనిషికి కింది అంతస్తులో నడిమి గదే మేలు, అది చవకైనా సరే. మోకాళ్ల నొప్పులున్నవారికి బాల్కనీ కంటే లిఫ్టు దగ్గర గది ముఖ్యం. ఓషన్ వ్యూ అని అమ్మిన గది కిటికీకి ఎదురుగా ప్రాణరక్షక పడవ వేలాడుతూ ఉండవచ్చు. పైన నృత్యశాల ఉంటే రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టకపోవచ్చు. అంతస్తుల పటం అడిగి, గది నంబరు చూసి, దాని పైన, కింద ఏముందో తెలుసుకోవడానికి డబ్బు అక్కరలేదు. గది నంబరును సంస్థే తరువాత నిర్ణయించే చవక టిక్కెట్టు తీసుకుంటే మాత్రం ఈ వీలు పోతుంది.

చివరి నిమిషపు పిలుపు

ప్రయాణానికి కొద్ది రోజుల ముందు తక్కువ ధరకు మెరుగైన గది ఇస్తామని కబురు రావడం మామూలే. రాయల్ కరీబియన్ వంటి సంస్థలు ప్రయాణికుల చేతనే వేలం పాడిస్తాయి. కారణం సులభం. ఓడ కదిలాక ఖాళీ గది విలువ సున్నా, బయలుదేరిన ఆర్టీసీ బస్సులో ఖాళీ సీటు లాగే. కాబట్టి ఆ పిలుపు బహుమతి కాదు, మిగిలిన సరుకు అమ్మకం. సరుకు మిగిలినప్పుడు కొనేవాడికీ కొంత బలం ఉంటుంది.

రెండు ఉచ్చులు మాత్రం గుర్తించాలి. లక్షన్నర సూట్‌ను మొదట చూపించి తరువాత బాల్కనీ ధర చెబితే అది చవకగా తోస్తుంది. కొలబద్దను వాళ్లు మన చేతికిచ్చారు, అంతే. రెండోది, "ఎలాగూ ఇంత పెట్టాం, ఇంకో ముప్పై వేలు లెక్కా" అన్న మాట. పెళ్లిళ్లలో మండపం దగ్గర, ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ దగ్గర మన ఇళ్లలో రోజూ వినేదే. ఇంతకుముందు పెట్టినది మునిగిన వ్యయం. కొత్త ముప్పై వేలతో ఏమి వస్తుందన్నదానికి పాత ఖర్చు జవాబు చెప్పలేదు.

ఈ ఉచ్చుల నుంచి తప్పించుకోవడానికి నేను విద్యార్థులకు చెప్పే ఉపాయం ఒకటుంది. ధరల పట్టిక చూడకముందే భార్యాభర్తలు వేరువేరు కాగితాల మీద రాయాలి: కిటికీకి నేనెంత ఇస్తాను, బాల్కనీకి ఎంత ఇస్తాను. ఆ తరువాతే పట్టిక తెరవాలి. రాసిన అంకె కంటే ధర తక్కువైతే ఆ తేడాయే మీ మిగులు. ఇద్దరి అంకెలూ చాలా దూరంగా ఉంటే, అది గది గురించిన చర్చ కాకపోవచ్చు. ఒకరికి సందడి కావాలి, మరొకరికి ఏకాంతం కావాలి. ఓడ ఎక్కాక తెలియడం కంటే ఇంట్లో తెలియడం నయం.

అభ్యాసం

1. పై లెక్కలో దంపతులకు నెలల పసిబిడ్డ ఉందనుకోండి. మెలకువగా గదిలో గడిపే గంటలు 4 నుంచి 14కు పెరిగాయి. రెండు మెట్లకూ గంట ధరను మళ్లీ కట్టి, మీ నిర్ణయం మారిందో లేదో రాయండి.

2. విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లే రాత్రి రైలులో స్లీపర్, మూడో తరగతి ఏసీల మధ్య తేడాను ద్యుపుయి ప్రశ్నతో పరిశీలించండి. స్లీపర్‌లో లేనివాటిలో ఖర్చు వల్ల లేనివి ఏవి, కావాలని లేకుండా ఉంచినవి ఏవి?