వక్రగతియు, విలోమభ్రమణమును

మన పంచాంగములలో శుక్రునకు వక్రారంభము, వక్రత్యాగము చెప్పబడియుండును. అది కంటికి తోచు గతి మాత్రమే. సుమారు 584 దినముల కొకమారు శుక్రుడు భూమిని దాటి ముందునకు పోవునపుడు, ఇంచుమించు ఆరు వారములు నక్షత్రముల నడుమ వెనుకకు నడచినట్లు కానవచ్చును. కక్ష్యలో నతడెన్నడును వెనుదిరుగడు.

శుక్రుని ఆత్మభ్రమణము మాత్రము నిజముగనే విపరీతము. దట్టమైన మేఘములచే దూరదర్శినికి చిక్కని యీ సంగతి 1962లో రాడారు తరంగముల వలన తేలినది. తన యక్షముపై ఒక చుట్టు తిరుగుటకు 243 దినములు. సూర్యుని చుట్టివచ్చుటకు 225 దినములే. అచట సూర్యుడు పడమట నుదయించును. ఈ రెంటిని 'వక్రము' అను నొకే మాటతో చెప్పినచో చదువరికి భ్రాంతి తప్పదు. కావున రెండవదానిని మేము విలోమభ్రమణ మనుచున్నాము.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు అక్షనతిలో నున్నది. కక్ష్యాతలమునకు లంబమైన రేఖనుండి అక్షము ఒరిగిన కోణమే అక్షనతి. భూమికిది 23.4 డిగ్రీలు, గురునకు 3.1. శుక్రునకు కొన్ని పట్టికలలో 177.4 అనియు, కొన్నింట 2.6 అనియు నుండును. రెండును సరియే! గ్రహము తిరుగు దిక్కున కుడిచేతి వ్రేళ్లు ముడిచినపుడు బొటనవ్రేలు చూపు ధ్రువమును ఉత్తరమన్నచో 177.4 వచ్చును, వైలోమ్యము ఆ సంఖ్యలోనే యిమిడియున్నది. కక్ష్యాతలమునకు ఉత్తరముననున్న ధ్రువమునే ఉత్తరమన్నచో 2.6, అపుడు వైలోమ్యమును వేరుగా చెప్పవలెను. "177.4 డిగ్రీలు ఒరిగి, విలోమముగా తిరుగును" అని వ్రాయుట ఒక్క విషయమునే రెండుమార్లు లెక్కించుట.

యురేనసు నతి 97.8 డిగ్రీలు. 90 దాటినది గనుక నదియు విలోమమే. కాని ప్రక్కకు పరుండి తిరుగుచున్న దనుటయే చక్కని వర్ణన. దాని సంవత్సరము 84 ఏండ్లు. ఒక్కొక్క ధ్రువమునకు సుమారు 42 ఏండ్లు వెలుగు, 42 ఏండ్లు చీకటి. పూర్వమొక మహాగోళము ఢీకొనుటచే నట్లొరిగె నని పలువురి యూహ.

శుక్రుని విషయమున 2001లో కొరెయా, లస్కార్ అనువారు రెండు మార్గములు చూపిరి. తిరుగుచునే తలక్రిందు లగుట యొకటి. దట్టమైన వాయుమండలమున సూర్యుడు కలిగించు పోటుల వలన వేగము క్రమముగా తగ్గి, నిలిచి, ఎదురుదిక్కునకు మరలుట రెండవది. మొదటిది నిజమైనచో 177.4 అనునది ఆ గ్రహచరిత్రనే చెప్పుచున్నది. రెండవది నిజమైనచో 2.6 చెప్పుచున్నది. శుక్రుని నేటి స్థితి రెంటికిని సరిపోవుచున్నది.