మన డిష్ ఎప్పుడూ ఒకే వైపు ఎందుకు చూస్తుంది?

పిల్లలూ, మేడ మీద డిష్‌ని గమనించారా? సూర్యుడు, చంద్రుడు, చుక్కలు అన్నీ కదులుతున్నట్టు కనిపిస్తాయి. డిష్ మాత్రం బిగించిన చోటే ఉంటుంది. అయినా టీవీ వస్తూనే ఉంటుంది. ఎలాగంటారు?

నెలనెలా డబ్బు కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్‌నే తీసుకుందాం. దాని ప్రసారాలు జీశాట్-15 ఉపగ్రహం ద్వారా వస్తాయి. ఇస్రో తయారుచేసిన ఈ 3,164 కిలోల ఉపగ్రహాన్ని 2015 నవంబరు 11న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియాన్-5 రాకెట్‌లో పంపారు. అది భూమధ్యరేఖకు సుమారు 36 వేల కిలోమీటర్ల పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. అంత ఎత్తులో ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికీ అంతే సమయం. రెండూ జతగా తిరుగుతాయి కాబట్టి మనకి అది నిలిచి ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే దాన్ని భూస్థిర ఉపగ్రహం అంటారు.

కింద నుంచి పెద్ద యాంటెనాతో సంకేతాన్ని పైకి పంపుతారు. ఉపగ్రహంలోని ట్రాన్స్‌పాండర్ దాని ఫ్రీక్వెన్సీ మార్చి, బలం పెంచి, దేశమంతటా పడేలా కిందికి వదులుతుంది. ఈ రానూపోనూ ప్రయాణానికి పావు సెకను చాలు.

ఇందులో మనలాంటివాళ్లకి ఒక మేలుంది. టీవీ టవర్ ప్రసారం కొన్ని పదుల కిలోమీటర్ల దాకానే అందుతుంది. విజయవాడ టవర్ నుంచి హోసూరుకి, సోలాపూర్‌కి, బరంపురానికి రాదు. ఉపగ్రహానికి రాష్ట్రాల సరిహద్దులు లేవు. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఛానెళ్లు అక్కడి ఇళ్లలో వచ్చినట్టే మన ఇళ్లలోనూ వస్తాయి. బడిలో తెలుగు కాసేపే వినే పిల్లలకి ఇంట్లో రోజూ వార్తలైనా వినిపిస్తే మాట నిలుస్తుంది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. జోరువాన పడితే ఆ చినుకులు సంకేతాన్ని మింగేస్తాయి. మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చినప్పుడు కూడా కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. రెండిట్లోనూ కాసేపు ఆగితే అదే వస్తుంది, డిష్‌ని తిప్పకండి. గాలికి నిజంగా కదిలితే మాత్రం, మన ప్రాంతాల్లో అది ఆగ్నేయం వైపు చూడాలి. ఒడిశాలో ఇంకాస్త దక్షిణానికి. ఆ పని పెద్దవాళ్లదే. పిల్లల్ని మేడ అంచుకి పంపకండి.